పెద్దిరాజుగారి రక్తపోటు క్రమబద్ధీకరణ

మా కాలేజీలో పెద్దిరాజుగారి వయసు పదకొండేళ్లుగా ముప్పై నాలుగు. బరువు యాభై ఎనిమిది కిలోలు. నాడి నిమిషానికి డెబ్బై రెండు. రక్తపోటు నూట ఇరవై బై ఎనభై. ఇవి ఊరికే చెబుతున్న మాటలు కావు. నాలుగు వందల నలభై మంది విద్యార్థినులు, ఒక్కొక్కరు పదేసి సార్లు, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి, స్కేలుతో అంచు గీత కొట్టి, రికార్డు పుస్తకాల్లో రాసిన అంకెలు.

పెద్దిరాజుగారు మా కాలేజీ అటెండరు. గేటు పక్కన రేకుల గదిలో ఉంటారు. గంట కొట్టడం, గదులు తెరవడం, కాపలా, అన్నీ ఆయనే. కాలేజీ పెట్టినప్పటి నుంచీ కాంట్రాక్టు మీదే ఉన్నారు. ఏటా మార్చిలో ఇంకో ఏడాదికి పొడిగిస్తారు. చూస్తే నలభై అయిదేళ్ల మనిషి, డెబ్బై కిలోలకు తక్కువ ఉండరు. కానీ చూడటం మా సిలబస్‌లో లేదు.

మాది చింతాలంక కమ్యూనిటీ కాలేజీ, ఆరోగ్య శాస్త్రాల విభాగం. ఏడాది కోర్సు. పాసైతే ఆసుపత్రుల్లో సహాయకులుగా తీసుకుంటారు. నేను చదివిన ఊరి బడిలో ప్రయోగశాల ఉండేది కాదు. సైన్సు మాస్టారు బల్బూ బ్యాటరీ ఇంటి నుంచి కూరగాయల సంచిలో తెచ్చి చూపించి, మళ్లీ సంచిలో పట్టుకుపోయేవారు. అందుకని ఇక్కడ తలుపు మీద ‘ప్రయోగశాల’ అని రాసిన గది చూసి మొదటి రోజు సంతోషించాను. దానికి తాళం వేసి ఉంది. తాళం చెవి సూపరింటెండెంటుగారి దగ్గర ఉంటుంది. లోపల గాజు బీరువాలో రక్తపోటు చూసే మిషన్, స్టెతస్కోపు, థర్మామీటరు ఉన్నాయని కిటికీలోంచి చూపించారు.

ప్రాక్టికల్స్ ప్రతి గురువారం వరండాలో జరుగుతాయి. ఎలా జరుగుతాయో చెప్పాలంటే ముందు మాతృ రికార్డు గురించి చెప్పాలి. మొదటి బ్యాచ్‌లో హైమావతి అనే విద్యార్థిని ముత్యాల్లాంటి అక్షరాలతో రికార్డు రాసిందట. ఆ ఏడాది తనిఖీకి వచ్చిన పెద్దాయన ఎవరో దాన్ని చూసి, ఆకుపచ్చ సిరాతో ‘అత్యుత్తమం’ అని రాసి సంతకం పెట్టారు. మా కాలేజీలోకి ఆకుపచ్చ సిరా రావడం అదే మొదలు, అదే ఆఖరు. అప్పటి నుంచి ఆ పుస్తకాన్ని పట్టుగుడ్డలో చుట్టి దాస్తున్నారు. ఆ హైమావతే ఇప్పుడు మాకు పాఠాలు చెప్పే హైమావతి మేడం.

గురువారం మధ్యాహ్నం మేడం పట్టుగుడ్డ విప్పి, పుస్తకాన్ని చెక్క పీఠం మీద పెట్టి, నెమ్మదిగా చదువుతారు. నలభై మందిమి రాసుకుంటాం. రోగి పేరు పెద్దిరాజు. వయసు ముప్పై నాలుగు. రక్తపోటు నూట ఇరవై బై ఎనభై. మొదటి కొలత నుంచి పదో కొలత దాకా అంతే. తేదీలు కూడా అవే, సంవత్సరం మాత్రం మార్చుకోవాలి. మొదటి బ్యాచ్ చదివిన ఏడాది ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు వచ్చాయి. ఎనిమిదో కొలత ఆ ఇరవై తొమ్మిదో తేదీన తీసినట్టు ఉంది. అందుకని నాలుగేళ్లలో మూడేళ్లు మేం పెద్దిరాజుగారి ఎనిమిదో రక్తపోటును క్యాలెండరులో లేని రోజున చూస్తున్నాం.

మిషన్ ఎప్పుడు పట్టుకుంటామని నేను ఒకసారి అడిగాను. మేడం కోప్పడలేదు. పట్టుకుంటే పాడవుతుందని, పాడైతే స్టాకు రిజిస్టరులో వివరణ రాయాలని చెప్పారు. ముందు రాయడం రావాలి, కొలవడం ఆసుపత్రిలో చేరాక ఎలాగూ వస్తుంది అన్నారు. నేను కూర్చుని రాసుకున్నాను.

*

మిషన్ ఏడాదికి ఒక్కసారి బయటికి వస్తుంది. ఆయుధ పూజకి.

దసరా ముందు రోజు ప్రయోగశాల తాళం తీసి, మిషన్, స్టెతస్కోపు, థర్మామీటరు, తూకం యంత్రం అన్నిటినీ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టారు. ఒక్కొక్క దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. స్టెతస్కోపుకి బంతిపూల దండ వేశారు. ప్రిన్సిపాల్ గారు హారతి ఇచ్చారు. ఆయన పేరు డాక్టర్ విశ్వేశ్వరం. ఆ డాక్టరు వైద్యానికి సంబంధించింది కాదు. సహకార సంఘాల మినిట్స్ పుస్తకాల మీద పరిశోధన చేసినందుకు ఇచ్చారు.

గుమ్మడికాయ కొట్టేది పెద్దిరాజుగారు. కాయ పైకెత్తారు, దిష్టి తీశారు, నేలకేసి కొట్టారు. కాయ పగిలింది. పెద్దిరాజుగారు మాత్రం లేవలేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి అలాగే వంగి ఉండిపోయారు. అందరూ ప్రసాదం దగ్గరికి వెళ్లారు. నేను ఆయన్ని పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను.

“ఏం లేదమ్మడూ. తలకాయలో గిర్రున తిరిగిందంతే. పొద్దున్నే అలా తిరగడం నాకలవాటేలే” అన్నారు.

అలవాటు ఎప్పటి నుంచి అని అడిగితే రెండేళ్లయి ఉంటుందన్నారు. మిషన్ పక్కనే ఉంది, బొట్టు పెట్టుకుని. మా ఊళ్లో నర్సమ్మగారు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు నన్ను వెంట ఉంచుకుని, చేతికి పట్టీ కట్టడం, గాలి కొట్టడం, శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వినడం నేర్పారు. నేను పట్టీ కట్టాను. నూట తొంభై బై నూట పది వచ్చింది. నర్సమ్మగారు చెప్పినట్టు కాసేపు ఆగి మళ్లీ చూశాను. అంతే. రెండో చేతికీ చూశాను. అంతే.

మిషన్‌ని తిరిగి పెట్టెలో పెట్టేటప్పుడు, మూత లోపల అంటించిన చీటీ మీద కొన్న తేదీ కనిపించింది. ఒకటికి రెండుసార్లు చదివి, మూత వేశాను.

ఆ గురువారం రికార్డులో మొదటి కొలత రాయాలి. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది నూట ఇరవై బై ఎనభై రాశారు. నాకు ఆ అంకె రాయడానికి చెయ్యి రాలేదు. నేను చూసిందే రాశాను.

*

హైమావతి మేడం నా పేజీ దగ్గర ఆగిపోయారు. తర్వాత ఎర్ర పెన్ను తీసి, నూట తొంభై బై నూట పది చుట్టూ పెద్ద సున్నా చుట్టారు.

“పెద్దిరాజు బీపీ నూట ఇరవై బై ఎనభై కదా రత్నం. అది అందరికీ తెలిసిన విషయమేగా” అన్నారు.

చూసింది రాశానని చెప్పాను. చూశావా అని అడిగారు, నమ్మలేనట్టు. చూడటం అనేది మా కాలేజీలో ఎవరూ చేయని పని కాబట్టి మేడం ఒక్కరే నిర్ణయం తీసుకోలేకపోయారు. నా పుస్తకం ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి వెళ్లింది.

మూడో రోజుకి విచలన విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారు. సభ్యులు సూపరింటెండెంటుగారు, హైమావతి మేడం. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు సవరించుకుని, ఒక ప్రామాణిక అంకెకీ ఒక క్షేత్రస్థాయి అంకెకీ మధ్య వైరుధ్యం తలెత్తినప్పుడు భావోద్వేగాలకు అతీతంగా ఆలోచించాలని చెప్పారు. తప్పు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉండాలి. మిషన్‌లో, విద్యార్థినిలో, లేదా పెద్దిరాజులో. మాతృ రికార్డు మీద ఆకుపచ్చ సంతకం ఉంది కాబట్టి అది విచారణ పరిధిలోకి రాదు.

మిషన్ తప్పు అయ్యే అవకాశం లేదని సూపరింటెండెంటుగారు తేల్చేశారు. దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు. వాడని వస్తువు ఎలా పాడవుతుంది?

తర్వాత నన్ను పరీక్షించారు. ప్రిన్సిపాల్ గారు చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాపారు. నేను చూసి నూట ముప్పై బై ఎనభై నాలుగు అని చెప్పాను. మొన్న ఆదివారం వాళ్ల బావమరిది డాక్టరు చూసినప్పుడు కూడా అంతే వచ్చిందట. ప్రిన్సిపాల్ గారు సంతోషించారు. దాంతో నేనూ నిర్దోషినయ్యాను.

మిగిలింది పెద్దిరాజుగారు.

ఆ సాయంత్రం ఆయనకి మెమో అందింది. కళ్లజోడు లేదని నాచేత చదివించుకున్నారు. ‘మీ రక్తపోటు 120/80గా ఈ సంస్థ రికార్డులలో పదకొండు సంవత్సరములుగా నమోదై యుండగా, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా దానిని 190/110కి పెంచుకున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. ఈ చర్యను క్రమశిక్షణా రాహిత్యముగా ఎందుకు పరిగణించరాదో మూడు రోజులలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. విచారణ ముగియు వరకు ప్రధాన కార్యస్థానమును విడిచి వెళ్లరాదు.’

పెద్దిరాజుగారు మెమోని తిరగేసి వెనక ఏమైనా ఉందేమో చూశారు.

“నేను పెంచుకోవడమేటమ్మడూ” అన్నారు. “ఆయ్, జీతం పెంచమని పదకొండేళ్లుగా అడుగుతున్నాను, అదే పెరగలేదు. ఇది అడక్కుండానే పెరిగిందంటే నా తప్పా?”

నేను ముందు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకోమన్నాను. అది కాలవ అవతల, మైలున్నర దూరం. ఓపీ పొద్దున పూటే ఉంటుంది. ఆయన సగం రోజు సెలవు చీటీ రాయించుకుని పెట్టారు. కారణం అనారోగ్యం అని రాశాం. సాయంత్రానికి తిరిగి వచ్చింది. సంస్థ వద్ద ఉన్న నాలుగు వేల నాలుగు వందల కొలతల ప్రకారం దరఖాస్తుదారు సంపూర్ణ ఆరోగ్యవంతుడు కాబట్టి సెలవు మంజూరు చేయలేదని మార్జిన్‌లో రాసి ఉంది.

చెప్పకుండా వెళ్లి వచ్చేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మెమో ఉండగా గేటు దాటితే నేరం. పైగా ఆయనకి ఇంకో భయం పట్టుకుంది.

“మందులేసుకుంటే తప్పు ఒప్పేసుకున్నట్టే కదమ్మా. రేపు కమిటీలో నీకు బీపీ లేకపోతే బిళ్లెందుకు మింగావని అడిగితే ఏం చెప్పను?”

*

విచారణ దీపావళి వెళ్లాక జరిగింది. నన్ను సాక్షిగా పిలిచి గోడ పక్కన స్టూలు వేశారు. పెద్దిరాజుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొహం ఎర్రగా ఉంది.

ఆయన వివరణ నేనే రాసిపెట్టాను. సదరు రక్తపోటు తనకు తెలియకుండా పెరిగిందని, పెరిగినందుకు చింతిస్తున్నానని, ఇకముందు పెరగకుండా చూసుకుంటానని ఉంది. సూపరింటెండెంటుగారు చదివి, చింతించడం వల్ల ఇంకా పెరుగుతుందేమోనని అనుమానం వెలిబుచ్చారు. ఆ వాక్యం కొట్టేయించారు.

ప్రిన్సిపాల్ గారు తీర్పుకి ముందు కొంతసేపు మాట్లాడారు. సంస్థలు మనుషుల మీద నిలబడవు, పత్రాల మీద నిలబడతాయి అన్నారు. నాలుగు వందల నలభై మంది ఈ అంకె ఆధారంగా సర్టిఫికెట్లు పొంది ఆసుపత్రుల్లో సేవలందిస్తున్నారు. ఈ అంకె తప్పంటే వారందరి విద్యార్హతా ప్రశ్నార్థకమవుతుంది. ఒక్క పెద్దిరాజు వల్ల అంత సంక్షోభం తలెత్తడం అభిలషణీయం కాదు.

సూపరింటెండెంటుగారు అప్పటికే ఒక ప్రతిపాదన టైపు చేయించి తెచ్చారు. పేపర్లో వేయడానికి ప్రకటన. ‘అటెండరు కావలెను. పురుషుడు. వయస్సు 34. బరువు 58 కిలోలు. రక్తపోటు 120/80. పెద్దిరాజు అను పేరు గలవారికి ప్రాధాన్యము.’ పేరు ఎందుకని మేడం అడిగారు. వేరే పేరు అయితే నాలుగు వందల నలభై రికార్డులు వెనక్కి తెప్పించి దిద్దాలి కదండీ, ఎంత పని, అన్నారాయన. ఇప్పుడున్న పెద్దిరాజుని మార్చి దాకా కూడా ఉంచనక్కరలేదని, ఈ నెలాఖరుకే పంపించేయవచ్చని కూడా రాశారు.

పెద్దిరాజుగారు కుడి చెయ్యి మెల్లగా వెనక్కి పెట్టి గోడ కోసం వెతుక్కున్నారు. గుమ్మడికాయ కొట్టిన రోజు లాగే.

నేను మామూలుగా అడగనిదే మాట్లాడను. ఆ రోజు లేచి నిలబడ్డాను.

“సార్, కొత్త పెద్దిరాజుగారి కోసం వెతకడం కంటే, ఉన్న పెద్దిరాజుగారినే రికార్డు ప్రకారం సరిచేయొచ్చండి.”

ముగ్గురూ నావైపు చూశారు.

“మనిషిని రికార్డుకి అనుగుణంగా సవరించే వెసులుబాటు ఉందా?” అని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

“ఉందండి. కాలవ అవతల ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. రోజుకో మాత్ర ఇస్తారు. కొన్ని వారాల్లో నూట ఇరవై బై ఎనభైకి రావచ్చు.”

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. పదకొండేళ్లలో ఎవరికీ తట్టని కోణం ఇది అన్నారు. మాత్ర అనేది పరికరం కిందికి వస్తుందా, వినియోగ వస్తువు కిందికి వస్తుందా అని సూపరింటెండెంటుగారు అడిగారు. మింగేస్తారు కాబట్టి స్టాకులో చూపనక్కరలేదని తేలింది. ఆ మాటతో ఆయన కూడా అనుకూలంగా మారిపోయారు.

ఉత్తర్వు ఆ మధ్యాహ్నమే వెలువడింది. పైన ‘పెద్దిరాజు, అటెండరు – క్రమబద్ధీకరణ’ అని ఉంది. పెద్దిరాజుగారు ఆ ఒక్క ముక్క కూడబలుక్కుని చదివి, ఉద్యోగం పర్మనెంటు చేశారనుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నారు. మిగతాది నేను చదివి వినిపించాను. క్రమబద్ధీకరించింది రక్తపోటుని మాత్రమే. పది వారాలు గడువు ఇచ్చారు. ప్రతి గురువారం నేను కొలత తీసి నమోదు చేయాలి. పదో కొలత మాతృ రికార్డుతో సరిపోతే మెమో ఎత్తేస్తారు. సరిపోకపోతే ప్రకటన పేపర్లోకి వెళుతుంది.

“పోన్లే అమ్మడూ, ఏదో ఒకటి చేశారు కదా” అన్నారు పెద్దిరాజుగారు.

*

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మగారు వెనకటి కొలతలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. నా రికార్డు చూపించాను. నూట తొంభై చుట్టూ ఉన్న ఎర్ర సున్నా చూసి ఆవిడ తల పంకించారు. ప్రమాదం అని ఇంత స్పష్టంగా గుర్తుపెట్టింది ఎవరని అడిగారు. మా మేడం అని చెప్పాను. మీ కాలేజీలో బాగా నేర్పుతున్నారే అన్నారు. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. మాత్రలు ఇచ్చి, అంకె సరిగ్గా ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలని, తనకి చెప్పకుండా మానకూడదని, ఉప్పు తగ్గించాలని రెండుసార్లు చెప్పారు. పెద్దిరాజుగారు ఎండుచేపలు వదిలేస్తానని బరువుగా ఒప్పుకున్నారు.

కాలేజీ కూడా తన వంతు చేసింది. పెద్దిరాజుతో మెలగవలసిన నియమావళి అని నోటీసు బోర్డులో పెట్టారు. ఆయన్ని పేరు పెట్టి గట్టిగా పిలవకూడదు. గేటు దాటేటప్పుడు విద్యార్థినులు చిరునవ్వుతో ఉండాలి. గంట ఆయనే కొడతారు గాని మెల్లగా కొట్టాలి. మెల్లగా కొట్టిన గంట మాకు వినపడేది కాదు. అందుకని పీరియడ్ అయిపోయిందని చెప్పడానికి ఆయనే గది గదికీ నడిచి వచ్చేవారు. ఆ నడక ఆయనకి మేలు చేసింది.

ఎక్కువ ఇబ్బంది పడింది సూపరింటెండెంటుగారు. ఆయన పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే పెద్దిరాజుగారిని తిట్టి పని మొదలుపెట్టేవారు. ఇప్పుడు తిట్టదలచుకున్నది చీటీ మీద రాసి, గురువారం కొలత అయ్యాక ఇవ్వాలి. మొదట్లో చీటీలు చాలా వచ్చేవి. పోనుపోను, రాయడం కష్టమై మానేశారు.

వారానికి వారం అంకె దిగింది. నూట డెబ్బై ఎనిమిది. నూట అరవై ఆరు. సంక్రాంతి సెలవులకి ముందు నూట నలభై రెండు. ప్రిన్సిపాల్ గారు తన గదిలో గ్రాఫు కాగితం అంటించి గీత గీయించుకున్నారు. మొదట దాన్ని ఎదుగుదల గ్రాఫు అనుకుని, కిందికి దిగుతోందని విచారించారు. దిగడమే మంచిదని మేడం చెప్పాక ప్రతి శుక్రవారం దాని ముందు నిలబడి టీ తాగేవారు. సూపరింటెండెంటుగారు ఒకసారి, రికార్డులో బరువు యాభై ఎనిమిది అని ఉంది, దాని సంగతేంటని కదిపారు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక అంకె చాలన్నారు ప్రిన్సిపాల్ గారు. వయసు విషయమై పై వారికి రాశామని, స్పష్టత రావలసి ఉందని చెప్పారు.

తొమ్మిదో వారం నూట ఇరవై ఆరు బై ఎనభై రెండు. పెద్దిరాజుగారికి తల తిరగడం ఆగిపోయింది. పదకొండేళ్ల తర్వాత నిద్ర పట్టిందమ్మడూ అన్నారు.

పదో గురువారం సంఘం మొత్తం ప్రయోగశాలలోకి వచ్చింది. నలభై మందిమీ గోడల వెంట నిలబడ్డాం. ప్రకటన కాగితం సూపరింటెండెంటుగారి చేతిలో ఉంది, గెలిచినా ఓడినా వెంటనే పని అయిపోవాలని తెచ్చారు. పెద్దిరాజుగారు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు. నేను పట్టీ కట్టి, గాలి కొట్టి, వదిలాను. శబ్దం నేననుకున్న దాని కంటే పైనే మొదలైంది. నూట ముప్పై ఎనిమిది బై ఎనభై ఆరు.

నేను స్టెతస్కోపు చెవుల్లోంచి తీయలేదు. తీస్తే అడుగుతారు. అడిగితే చెప్పాలి. అంతమంది చుట్టూ నిలబడి, ఎదురుగా అలాంటి కాగితం పట్టుకుంటే ఎవరికైనా ఆ మాత్రం పెరుగుతుంది. కానీ ఆ వివరణకి ఉత్తర్వులో చోటు లేదు.

“ఇలా ఇవ్వు రత్నం” అన్నారు హైమావతి మేడం.

మేడం స్టెతస్కోపు తీసుకుని చెవులకి పెట్టుకున్నారు. చెవి గొట్టాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. అలా పెట్టుకుంటే పెద్దగా ఏమీ వినపడదు. బల్బు నొక్కారు. ముల్లు పైకి లేచి, కిందికి దిగింది. మేడం ముల్లు వైపు చూడటం లేదు. పెద్దిరాజుగారి మొహం వైపు చూస్తున్నారు.

“నూట ఇరవై బై ఎనభై” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంటుగారు ప్రకటన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు, కొంచెం నిరాశగానే. అందరూ టీకి వెళ్లారు. నేను నా పుస్తకంలో పదో వారం గడిలో నూట ముప్పై ఎనిమిది బై ఎనభై ఆరు అని రాశాను. ఇంత వేడుకలో దాన్ని ఎవరూ చూడలేదు.

మేడం మాత్రం గదిలోనే ఉండిపోయారు. నీకెంత వచ్చిందని అడిగారు. చెప్పాను. ఆయన్ని మాత్రలు మానొద్దని చెప్పు అన్నారు. తర్వాత చాలాసేపు మిషన్ పెట్టెని తుడుస్తూ నిలబడ్డారు.

“మొదటి ఏడాది మాకు మిషన్ లేదు రత్నం. మా తర్వాతి ఏడాది కొన్నారు.”

“తెలుసు మేడం. మూత లోపల తేదీ ఉంది.”

మేడం తల దించుకున్నారు. కాసేపటికి చీర చెంగు సర్దుకుని, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టారు. నాకెప్పుడూ ఎవరూ చూడలేదు, ఒకసారి చూడు అన్నారు. నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు వచ్చింది. రెండు తక్కువా అని భయపడ్డారు. బాగుందని చెప్పాను.

*

ముగింపు ఉత్తర్వులో రెండు అంశాలు ఉన్నాయి. ఒకటి, పెద్దిరాజు రక్తపోటు రికార్డుతో సరిపోయినందున మెమో ఉపసంహరించడమైనది. మాత్రల అవసరం తీరినది కాబట్టి ఆరోగ్య కేంద్రానికి వెళ్లడానికి ఇకపై సెలవు ఇవ్వబడదు. రెండు, ఈ విజయవంతమైన సవరణ భావితరాలకు ఆదర్శం కావాలి కాబట్టి, ఆ పది వారాల కొలతలు ఉన్న నా పుస్తకాన్ని సవరించిన మాతృ రికార్డుగా స్వీకరించడమైనది. మాతృ రికార్డుకి మార్కులు వేయడం మర్యాద కాదని, నాకు తరగతి సగటు మార్కులు ఇచ్చారు.

మాత్రలు మానొద్దని పెద్దిరాజుగారికి నేను చెప్పవలసినంత చెప్పాను. పరీక్షలయ్యే దాకా, నేను ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డాక్టరమ్మగారికి ఆయన కొలతలు చూపించి మాత్రలు తెచ్చిపెట్టాను. తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రిలో చేరాను.

సర్టిఫికెట్ తీసుకోవడానికి తిరిగి వెళ్లేసరికి కొత్త బ్యాచ్ మొదలై రెండు నెలలైంది. ఆ రోజు గురువారం. వరండాలో నలభై మంది వంచిన తల ఎత్తకుండా రాస్తున్నారు. చెక్క పీఠం మీద నా పుస్తకం, పట్టుగుడ్డ కూడా కొత్తది. మేడం చదువుతున్నారు. మొదటి కొలత, నూట తొంభై బై నూట పది. ఎర్ర సున్నాతో సహా వేసుకోండి అని చెబుతున్నారు. నలభై మంది ఎర్ర పెన్నులు తీశారు. నన్ను చూసి మేడం ఒక్క క్షణం ఆగి, మళ్లీ చదవడం మొదలుపెట్టారు.

పెద్దిరాజుగారు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి ఉంది. ఎందుకని అడిగితే, గురువారం కదమ్మడూ, ఎవరైనా చూస్తారేమోనని అన్నారు. రెండు నెలలుగా అలా మడుచుకుని కూర్చుంటున్నారట. మాత్రలు నేను వెళ్లిన పది రోజులకే అయిపోయాయి. సెలవు ఇవ్వలేదు. మళ్లీ పొద్దున్నే తల తిరుగుతోందట.

నా సంచిలో ఆసుపత్రి మిషన్ ఉంది. పట్టీ కడుతుండగా వరండాలోంచి ఒక అమ్మాయి ఎర్ర పెన్ను విదిలిస్తూ వచ్చింది. సిరా అయిపోయిందట, పెద్దిరాజుగారి దగ్గర ఉందేమోనని వచ్చింది. నేను స్టెతస్కోపు తీసి ఆ అమ్మాయి చెవులకి సరిగ్గా పెట్టాను. గాలి కొట్టి నెమ్మదిగా వదిలాను. శబ్దం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ముల్లు చూసి చెప్పమన్నాను.

ఆ అమ్మాయి నోరు కొంచెం తెరుచుకుంది. మళ్లీ కొట్టమంది. మూడోసారికి చెప్పింది.

“నూట డెబ్బై రెండు. బై నూట నాలుగు.” చెప్పి, వరండా వైపు చూసింది. “ఇది ఏ పేజీలో ఉందక్కా?”

“ఇంకా ఏ పేజీలోనూ లేదు. నువ్వే రాయాలి.”

ఆ అమ్మాయి నా పెన్ను తీసుకుని అరచేతిలో అంకె వేసుకుంది. ఇలా రాస్తే మేడం ఏమంటారని అడిగింది. ఎర్ర సున్నా చుడతారని చెప్పాను.

పెద్దిరాజుగారు చొక్కా చెయ్యి దించుకోబోయి ఆగారు.

“అయితే మళ్లీ మెమో ఇత్తారంటావా అమ్మడూ?” అన్నారు, ఆశగా.

“ఇస్తారు బాబాయ్” అన్నాను.

ఆయన లేచి, స్టూలు గోడకి జరిపి, మెల్లగా గంట కొట్టడానికి వెళ్లారు.